చాంది అడిగిన కోర్టు

చాంది ఒకప్పుడు జిల్లా జట్టుకు కబడ్డీ ఆడింది. మోకాలు దెబ్బతిన్నాక ఆట మానేసి, ఆటో నడిపే భద్రును పెళ్లి చేసుకుంది. భద్రాచలం రోడ్డు పక్కన, మున్సిపాలిటీ జాగాలో టిఫిన్ సెంటర్ పెట్టుకుంది. సాయంత్రాలు వెనకున్న ఖాళీ మైదానంలో తండా ఆడపిల్లలకు ఆట నేర్పేది.

ఒక ప్రొఫెషనల్ కబడ్డీ కంపెనీ ఆ ఊళ్లో స్టేడియం కడితే తమ జట్టును తెస్తామంది. జనం ఒప్పుకోవాలి కాబట్టి మున్సిపల్ చైర్మన్ వెంకటరామారావు సభ పెట్టి, చాందిని మాట్లాడమన్నాడు.

"మా పిల్లలు రాళ్ల మీద పడి మోకాళ్లు పగలగొట్టుకుంటున్నరు. మాకో మంచి కోర్టు కావాలె," అంది చాంది. చప్పట్లు మోగాయి. మర్నాటికి ఊరంతా ఆమె ఫొటోతో ఫ్లెక్సీలు వెలిశాయి.

ఆ మైదానంలోనే స్టేడియం లేచింది. ప్రభుత్వం ఇచ్చింది చాలక మున్సిపాలిటీ అప్పు తెచ్చింది. అది తీర్చడానికి ఇళ్ల మీద, దుకాణాల మీద స్టేడియం సెస్సు వేసింది. కోర్టు మాత్రం ఒప్పందం ప్రకారం కంపెనీ చేతికి వెళ్లింది. ఆడుకోవడానికి వెళ్లిన పిల్లలను వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేశాడు.

పక్క కొట్టులో బట్టలు కుట్టే పుష్పలత సెస్సు నోటీసు తెచ్చి చూపించింది.

"అక్కా, అందరం చైర్మన్ తానికి పోతున్నం. నువ్ ముందల నిలబడాలె. అడిగింది నువ్వే కద."

ఆ మాటలో కోపం లేదు. అందుకే చాందికి ఎక్కువ బాధ కలిగింది.

"పోకు," అన్నాడు భద్రు. "జాగా వాళ్లది. లైసెన్సు ఆపితే ఏం తిందాం?"

అయినా వెళ్లింది. వెంకటరామారావు అందరినీ కూర్చోబెట్టి, తన ఫోన్లో ఆనాటి సభ వీడియో పెట్టాడు.

"ఇది నువ్వే కదమ్మా?"

"అవ్ సార్, నేనే. పిల్లలకని అడిగిన. గేటుకు తాళం ఏస్తరని నాకు చెప్పలే."

"ఒప్పందం మీద సంతకాలైపోయినయ్. ఇగ నా చేతుల ఏం లేదు."

అంతే. బయటికి వచ్చాక ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. కొందరు టిఫిన్‌కు రావడం మానేశారు.

తొలి మ్యాచ్‌కు ఆమె స్టేజీ మీద ఉండాలని చైర్మన్ కబురు పంపాడు. వెళ్తే ఊరు ఏమంటుందో తెలుసు. వెళ్లకపోతే లైసెన్సు సంగతేమిటో కూడా తెలుసు. వెళ్లింది. శాలువా కప్పారు. నవ్వమంటే నవ్వింది. కింద ఆడుతున్న వాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు. చాంది పిల్లలు టికెట్ లేక బయటే ఉండిపోయారు.

మర్నాడు పిల్లలు కొట్టు దగ్గరికి వచ్చి, "అక్కా, ఇయ్యాల ఏడ ఆడుదం?" అని అడిగారు. ఆమె తలో ఇడ్లీ పెట్టి పంపింది.

కాసేపటికి సెస్సు వసూలు చేసే మున్సిపాలిటీ మనిషి వచ్చాడు.

"నిన్న స్టేజీ మీద చూసిన. మీకు నేను చెప్పేదేముందక్కా," అన్నాడు మర్యాదగానే.

చాంది గల్లాపెట్టె తెరిచింది. అతను రసీదు చింపి ఇచ్చి, పుష్పలత కొట్టు వైపు నడిచాడు. పుష్పలత మిషను ఆపి, అతని భుజం మీదుగా చాంది వైపు చూసింది. చాంది తల వంచుకుని పిండి కలుపుతూ ఉండిపోయింది.