తాళం వేసిన అరవై ఒక్క ఇళ్లు

మందమర్రిలో జమున జిరాక్సు షాపు ముందున్న బల్ల మీద కూర్చుని పేపరు చదవడం రిటైరైనప్పటి నుంచి నాకు అలవాటు. ఆమె గొంతు పెంచగా ఎన్నడూ వినలేదు. ఎదురు తిరగడం మాత్రం ఆ రోజు చూశాను.

ఆమెది తాటిమడుగు. ఊరంతా బొగ్గు గని కిందికి పోతోంది. బదులుగా ఇచ్చే ఇంటి జాగాల జాబితాలో అరవై ఒక్క ఇళ్లు లేవు. సర్వే జరిగిన రోజున ఆ ఇళ్లవాళ్లు కొందరు భీవండిలో, కొందరు దుబాయిలో పనిమీద ఉన్నారు. తలుపుకు తాళం కనబడేసరికి 'ఎవరూ ఉండరు' అని రాసుకుపోయారు. జమున ఊరివాళ్ల ఫోన్లన్నీ తెప్పించి, వాటిలోని ఫోటోలను ఒక డిస్కులోకి ఎక్కించింది. వాకిట్లో బతుకమ్మ, దాని వెనకాల తలుపు, తలుపు మీద ఇంటి నంబరు. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

అభ్యంతరాలు వినే ఆఖరి రోజు పొద్దున డిస్కు తెరుచుకోలేదు. ముందురోజు ఫోటోలు ఎక్కుతుండగానే కరెంటు పోయిందట. పాడైన చోట్లు వెతికి దిద్దే తనిఖీని కంప్యూటరులో పెట్టింది. పన్నెండింటికి కూడా తొమ్మిది శాతం దగ్గరే ఉంది.

సర్వే గుమాస్తా లక్ష్మణ్ వచ్చి, ఐదింటికి విచారణ ముగుస్తుందని, ఆధారాలు లేవని రాసి ఇచ్చెయ్యమని చెప్పాడు.

"నీ ఇల్లు లిస్టుల ఉండనే ఉన్నది. నీకెందుకు ఫికర్? పీకి పారెయ్యి."

"పీకితే ఉన్నది గూడ పోతది సారూ. తనిఖీ ఆగలే, నడుస్తనే ఉన్నది."

ఆయన వెళ్లాక డిస్కుకు చెవి ఆనించింది. చెడిన డిస్కు చేసే టకటక చప్పుడు లేదు, దీపం మినుకుతూనే ఉంది. డిస్కు బతికే ఉంది, దారే ఇరుకు అంది నాతో. ప్రింటరు, వేలిముద్రల మిషను, డిస్కు మూడూ కంప్యూటరుకు ఒకే వైరుతో కలిపే పాత హబ్బుకు తగిలించి ఉన్నాయి. ఇంకా చదవడమే తప్ప దిద్దడం మొదలవలేదు కనుక తనిఖీని పద్ధతిగా ఆపి, డిస్కును పొట్టి వైరుతో నేరుగా కంప్యూటరు వెనక తగిలించి మళ్లీ పెట్టింది. గంటలో ఇరవై శాతం దాటింది. అయినా నత్తనడకే. ఊరివాళ్లు తమ ఫోటో ఒక్కటి కూడా తీసెయ్యనియ్యలేదు. నాలుగు లక్షలున్నాయి. ఒక్కొక్కదాన్నీ చూసుకుంటూ పోవాలి మరి.

నాలుగున్నరకు అరవై నాలుగు శాతం. విచారణ దగ్గరున్న తన ఊరి యాదవ్వకు జమున ఫోను చేసింది. తాళం ఇళ్లవాళ్ల దరఖాస్తులు వినేదాకా ఒక్కరూ లేవొద్దని చెప్పింది. ఆడవాళ్లంతా హాల్లో నేల మీద కూర్చుండిపోయారట. చివరికి అధికారి విచారణ ముగించకుండా ఉంచి, నిజమేమిటో చూసి రమ్మని లక్ష్మణ్‌నే షాపుకు పంపాడు.

"కూసోండ్రి సారూ," జమున కుర్చీ జరిపింది. "మా తలుపులకాడ మీరు గింతసేపు నిలవడితే గీ డిస్కే అక్కరుండకపోవు."

ఆయన తెర మీది అంకెలు చూస్తూ కూర్చున్నాడు.

ఆరున్నరకు పూర్తయింది. యాభై ఎనిమిది తలుపులు దొరికాయి, మూడు ఇళ్ల ఫోటోలు పాడైపోయాయి. లక్ష్మణ్ ఆ మూడింటినీ కొట్టెయ్యడానికి పెన్ను తీశాడు. జమున కాగితం తనవైపు లాక్కుని, ఆ మూడు ఇళ్లకు తానే సాక్షినని రాసింది. అబద్ధమని తేలితే జాబితాలోంచి తన ఇంటిని కూడా తీసెయ్యమని కింద రాసి సంతకం పెట్టింది.

"ఇగ కొట్టెయ్యిండ్రి. నాతోనే షురూ చెయ్యిండ్రి."

లక్ష్మణ్ పెన్నుకు మూత పెట్టి, అరవై ఒక్క ఇళ్ల కాగితాలూ చంకలో పెట్టుకుని హాలుకు బయలుదేరాడు. జమున షట్టరు దించి ఆయన వెనకే నడిచింది.