శేషం లేని సంఖ్య

నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులు. పెళ్లయ్యాక మా ఆయన నాకు చీర కొనలేదు గానీ ఒక సంఖ్యను మాత్రం ఇచ్చారు: 1,42,857. టెక్కలి బడిలో లెక్కల మాస్టారు మరి, ఇంకేమిస్తారు! దాన్ని రెండుతో హెచ్చవేస్తే 2,85,714. మూడుతో అయితే 4,28,571. ఆరు వరకూ అవే అంకెలు, అదే వరసలో గుండ్రంగా తిరుగుతాయి. కాశీబుగ్గలో మా వంటింటి గోడ మీద బొగ్గుతో రాసి నా చేత వల్లె వేయించారు.

ఆ కార్తీకంలో ఆయన పనిమీద ఉద్దానం వెళ్లారు. వెళ్లిన రోజే గాలివాన. జీడితోటలు, కొబ్బరిచెట్లు దారికడ్డంగా పడ్డాయనీ, సముద్రం ఊళ్లలోకి వచ్చిందనీ అన్నారు. మర్నాడూ ఆయన జాడ లేదు.

మామగారు పురోహితులు. తప్పిపోయిన మనిషి కోసం ఎవరొచ్చినా ప్రశ్న చూసేవారు. అడిగేవాళ్లు ఒక పెద్ద సంఖ్య చెప్పాలి. చిన్నదైతే మనసు ముందే లెక్క కట్టేస్తుందని ఆయన నమ్మకం. తొమ్మిదితో భాగిస్తే వచ్చే శేషాన్ని బట్టి ఫలం. ఏమీ మిగలకపోతే ఆ మనిషి ఇక రాడు.

“నువ్వే చెప్పమ్మా,” అన్నారు.

భయంలో ఇంకో పెద్ద సంఖ్య గుర్తొస్తేగా! మా ఆయన నేర్పిందే చెప్పాను. మామగారు సుద్దముక్కతో అరుగు మీద భాగించారు. శేషం లేదు.

“ఏటండీ, ఏటొచ్చింది?” అంది అత్తగారు.

ఆయన అరుగు మీది లెక్క చెరిపేశారు. మూడుసార్లు అడగొచ్చని ఆచారం. “ఇంకోటి చెప్పు,” అన్నారు నాతో. 2,85,714 అన్నాను. శేషం లేదు. మూడోసారి 4,28,571 అన్నాను. గోరుచుట్టు మీద రోకటిపోటు. మామగారు సుద్ద కింద పెట్టేశారు. అత్తగారు వంటింట్లోకి పోయి, ఆ అంకెలున్న గోడకే తల ఆన్చి ఏడ్చింది. నేను ఏడవలేదు. ఏడిస్తే ఒప్పుకున్నట్టవుతుందని భయం.

మర్నాడు మధ్యాహ్నం మా ఆయన మోకాళ్ల దాకా బురదతో గుమ్మంలోకొచ్చారు. సంగతి విని పడీపడీ నవ్వారు.

“ఓసి పిచ్చిదానా, ఆ అంకెలన్నీ కూడితే ఇరవై ఏడు. వరస ఎలా తిప్పినా కూడిక మారదు, తొమ్మిదితో తెగిపోద్ది. ఇంకేటి మిగుల్తాది?”

మామగారు కూడా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ తర్వాత ఆయన ఎక్కడికి బయల్దేరినా, రోజూ వెళ్లే బడికైనా సరే, గుమ్మంలో నిలబడి మనసులో 1,42,858 అనుకునేదాన్ని. ఆయనకెప్పుడూ చెప్పలేదు, నవ్వుతారని. దాన్ని తొమ్మిదితో భాగిస్తే ఒకటి మిగులుతుంది. నాకు ఆ ఒక్కటీ చాలు.