ఆపణే అన్న మాస్టర్

కరోనా రెండోసారి విరుచుకుపడి కాస్త తగ్గుముఖం పట్టిన రోజులివి. సూరత్‌లోని మా భేస్తాన్ గల్లీలో ఎవరి జేబు చూసినా ఓ చిన్న గుడ్డమూట, అందులో కర్పూరం, వాము. పీలిస్తే ఊపిరి నిలబడుతుందని ఎవరో ఫోన్‌లో పంపారట. ఏ డాక్టర్ చెప్పాడని అడిగితే ఆ ఫోనే చూపిస్తారు. బడి మొహం చూడని నేను అడుగుతున్నాను, డిగ్రీలు చదివినవాళ్లు మూటలు కట్టుకుంటున్నారు! కోపంతోనే నేనూ ఒకటి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఊపిరి సంగతేమో గానీ, నర్సయ్య మాస్టర్ చేతులు కళ్లముందుకొచ్చాయి. నువ్వులనూనెలో కర్పూరం కరిగించి కబడ్డీ పిల్లల చీలమండలు రుద్దిన చేతులు.

మాస్టర్ అంటే బడిపంతులు కాదు. మగ్గాల కార్ఖానాలో మరమ్మతులు చూసే మనిషిని సూరత్‌లో అలా పిలుస్తారు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి నేను ఆయన కిందే పనికి కుదిరాను. కోపమొస్తే చేతిలోని పానా ఎటు విసురుతాడో తెలియదు. నేను భజియా చుట్టిన పేపర్లు చదువుకుంటూ అక్షరాలు పట్టుబడ్డవాణ్ణి. అది చూసి, "లింగన్న భజియా తిన్నడంటే దునియా ఖబరంత మనకెర్కైనట్టే" అని షెడ్డంతా వినిపించేలా నవ్వేవాడు. ఒకసారి సేఠ్ బట్ట తాను విప్పి, అందులో పడ్డ మచ్చ చూపించి, పగటి పాళీ వాళ్లదా, రాత్రి పాళీ వాళ్లదా అని నిలదీశాడు. మాస్టర్ ఎవరి పేరూ ఎత్తకుండా ఆ తాను మళ్లీ చుట్టసాగాడు. "పేరు చెప్పకపోతే మనమీదికొస్తది మాస్టర్" అని నేను గొణిగాను. "రానియ్. కార్ఖానా మనది కాదు, గని మచ్చన్న మనదే గద" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. తప్పు చేసినవాణ్ణి చేసినవాడనే అనాలి. ఈ విషయం మీద ఆయనతో నేను బతుకంతా పోట్లాడాను.

మా మగ్గపోళ్ల పిల్లలు కొందరు ఇక్కడి కాలేజీలో చేరి కబడ్డీ జట్టుగా తయారయ్యారు. కాలేజీకి ఆటల సారు ఒకాయన ఉన్నాడు, ఫోటో తీసే రోజున తప్పక వస్తాడు. ఆట నేర్పింది మాత్రం మాస్టరే, షెడ్ల వెనక ఖాళీ జాగాలో, సాయంత్రం పూట. లాక్‌డౌన్‌కు ముందటి చలికాలంలో వాళ్లు ఫైనల్ దాకా వచ్చారు. ఆట ముగియబోతోంది, మనవాళ్లు మూడు పాయింట్లు ముందున్నారు. కూతకు పోయిన వేణు గీత దగ్గరే తచ్చాడుతూ టైం గడిపేస్తే ఆట అక్కడికే అయిపోయేది. లోపలికి దూకి దొరికిపోయాడు. ఆధిక్యం రెండుకు దిగింది. ఆఖరి కూతకు వాళ్ల ఆటగాడు వచ్చాడు. మూలన కాచుకున్న సురేశ్ తోడు కోసం ఆగకుండా ఒక్కడే కాలు పట్టాడు. మరో ఇద్దరు ఆలస్యంగా మీదపడ్డారు. ఆ మనిషి ముగ్గుర్నీ ఈడ్చుకుంటూ గీత తాకేశాడు. మూడు పాయింట్లు. ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

తిరుగు టెంపోలో రచ్చ మొదలైంది.

"పాయింట్లన్ని మేం తెచ్చినం మాస్టర్, పట్టెటోళ్లు పోగొట్టిన్రు" అన్నాడు వేణు.

"హీరో లెక్క లోపటికి ఎవడు పొమ్మన్నడ్రా నిన్ను? గీత కాడ జర టైంపాస్ చేస్తె నీ సొమ్మేం బోయె?" అని సురేశ్ లేచాడు.

"సురేశ్ చెప్పిందే కరెక్ట్. తప్పు కూతకు పోయినోనిదే" అని నేనూ గట్టిగా అన్నాను.

మాస్టర్ వెనక్కి తిరిగాడు. "నువ్వాగు లింగన్నా, ఇది భజియా పేపర్ల రాలే. అరే వేణు, మేం అంటే ఎవర్రా? మేం అని నన్ను గూడ బయట పెడ్తివి. హిందీల రెంటికీ హమ్ హమ్ అనుకుంట పెరిగిన్రు, మేం ఏందో మనం ఏందో మర్చిపోయిన్రు. గుజరాతోళ్లకున్న తెలివి గూడ లేదు మీకు. ఎదుటోన్ని ఇడిసిపెడితె వాళ్లు 'అమే' అంటరు, కలుపుకుంటె 'ఆపణే' అంటరు."

అంతా విన్నాను. నా కోపం మాత్రం చల్లారలేదు.

కొన్నాళ్లకు ఆటల సారు మేం చాయ్ తాగే బండి దగ్గరికే వచ్చాడు. సురేశ్ వల్లే ఓడామని మాస్టర్ ఒక్క మాట అంటే చాలు, వాణ్ణి జట్టు నుంచి తీసేస్తానన్నాడు. జట్టులో ఉన్నంతవరకే చదువు, లేదంటే మగ్గం మీద కూర్చోబెడతానని సురేశ్ తండ్రి అప్పటికే చెప్పి ఉన్నాడు. అది మాస్టర్‌కు తెలుసు. చాయ్ పూర్తిగా తాగి, "ఆపణే హారీ గయా" అన్నాడు, మనమంతా ఓడిపోయాం అని.

"ఆపణే? అందులో నేను కూడానా?" సారు ముఖం ఎర్రబడింది.

మాస్టర్ హిందీలో ఇచ్చిన జవాబు మన మాటల్లో ఇది: "గెలిస్తె ఫోటోల నడుమ నిలబడెటోనివి, ఓడితె పక్కకెట్ల జరుగుతవ్ సార్?"

సురేశ్ జట్టులోనే ఉన్నాడు. మాస్టర్‌ను మాత్రం కాలేజీవాళ్లు ఇక ఆటవైపు రావద్దన్నారు. ఆ పెద్దమనుషుల మీద నాకు ఇప్పటికీ మంటే.

అంతలో లాక్‌డౌన్ వచ్చిపడింది. మగ్గాలు ఆగాయి. మాస్టర్ కూలీల రైలెక్కి ఊరికి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. రెండో ఎండాకాలంలో ఫోన్ చేశాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు. ఏం అడగాలో తోచక నేను పాత గొడవే ఎత్తుకున్నాను.

"ఇప్పుడన్న ఒప్పుకో మాస్టర్. తప్పు వేణుదే గద?"

నవ్వబోయి దగ్గాడు. "నువ్వింక ఆ టెంపోలనే కూసున్నవా లింగన్నా? జర దమ్ము తీసుకోనియ్, నీ సంగతి జెప్త."

చెప్పలేదు. మాస్టర్ పోయాడన్న కబురు తెచ్చింది వేణే. మాస్క్ కిందికి లాగి గుమ్మంలో నిలబడి ఏడ్చాడు. "తాతా, ఆ రోజు నేను గీత కాడ ఆగితె గెలుస్తుంటిమి. తప్పు నాదే తాతా" అన్నాడు.

అంతకాలం నేను అరిచి చెప్పిన మాటే అది. ఇంకొకరి నోట వింటే చెవులు మూసుకోవాలనిపించింది. ఆ మాట నేను అనాలి, మాస్టర్ కాదనాలి. అది మా ఇద్దరిదీ. "నోర్ముయ్‌రా, లోపటికొచ్చి కూసో" అని వాణ్ణి కసిరాను. చాయ్ పెట్టి ఇచ్చాను.

ఇప్పటికీ నా మాట మీదే నేనున్నాను. నన్ను కాదనే మనిషే లేడు.