పెయింటు కింద పేరు

ఖరగ్‌పూర్ గోల్‌బజార్ దగ్గర ఓ తెలుగు సంఘం హాల్లో, మధ్యాహ్నం పూట నా కథ చదివాను. నాలాంటి ఇద్దరు మగవాళ్ల ప్రేమకథ అది. అందులో ఒకడు రైల్వే వర్క్‌షాపులో పెయింటర్. ప్రతి వ్యాగన్ మీదా ముందు తను ప్రేమించినవాడి పేరు వేలితో రాసి, ఆపైన ఎర్ర రంగు వేసేస్తాడు. ఎవరికీ కనపడకుండా ఆ పేరు దేశమంతా తిరుగుతుంది. ఇదంతా హైదరాబాద్‌లో నా గదిలో కూర్చుని అల్లిందే. నేను ఏ వర్క్‌షాపు గుమ్మమూ తొక్కినవాణ్ణి కాదు.

చప్పట్లు పెద్దగా పడలేదు. అందరూ సింగాడాలూ (అక్కడి సమోసాలు) టీ ఉన్న వైపు వెళ్లిపోయారు. వెనక వరసలోంచి ఓ ముసలాయన మాత్రం నా దగ్గరికొచ్చాడు. వర్క్‌షాపులో పెయింటర్‌గా చేసి రిటైరయ్యాడట.

“ఆ పేరు సంగతి నీకెవులు సెప్పినారు బాబూ?”

“ఎవరూ చెప్పలేదండీ. కల్పించి రాశాను.”

“కల్పించినావా? అలాగ రాసినోణ్ణి నానే. నాకూ ఆడికీ తప్ప ఇంకెవులికీ తెల్దు. ఆడు పోయి పదేళ్లయింది.”

దూరంగా గూడ్సు బండి పోతున్న చప్పుడు. అది పూర్తిగా వెళ్లిపోయేదాకా ఆయన అటే చెవి ఒగ్గి విన్నాడు. ఆ తర్వాత ఆయన చుట్టూ చూసి, నా చెయ్యి పట్టుకుని, దగ్గరికి వంగాడు.

“అయితే ఆడే వొచ్చి నీకు సెప్పుంటాడు. ఆడి గొంతు ఎలాగుంది బాబూ? నాను మరిసిపోనాను.”