నాలుగడుగుల రెండంగుళాలు

రేపల్లె నుంచి తెనాలికి ముప్పై నాలుగు కిలోమీటర్లు. సాయంత్రం నాలుగూ ఇరవైకి బయలుదేరే ప్యాసింజరు ఐదూ నలభైకి చేర్చేది. పంతొమ్మిది వందల అరవైల చివర రెండేళ్ళపాటు ఆ ఎనభై నిమిషాల్లో ఒకే కథను నాలుగుసార్లు రాశాను. బండి కుదుపులకు అక్షరాలు వంకరపోయేవి. చెయ్యి కంటే మనసు ముందు అలిసిపోయేది.

అప్పుడు నేను కాలువల సూపర్‌వైజరును. మొదటి ప్రతి పంతొమ్మిది పేజీలు. అందులో కాలువ తలుపులు ఎత్తి దించే లస్కరు నిద్రపోతాడు. గట్టు తెగి పదిహేడెకరాల నారుమళ్ళు మునుగుతాయి. గట్టు నిజంగానే తెగింది. లస్కరు నిద్రే కారణమని తేల్చి, అతన్ని ఉద్యోగం నుంచి తీసేశారు.

బాపట్లలో తెలుగు మాస్టారైన నా భార్య అన్నగారికి ఆ ప్రతి చూపించాను.

"ఏంటి బావా, వాడు నిద్రపోయాడని నీకెవరు చెప్పారు? పక్కనే పడుకున్నావా?"

"రిపోర్టులో ఉంది బావగారూ."

"రిపోర్టు రాసిందెవరు?"

"నేనే."

"అయితే నువ్వు కళ్ళతో చూసింది ఉంచు. మిగతాది కొట్టెయ్."

రెండో ప్రతిలో నిద్రను కొట్టేశాను. ఆ ఖాళీలోకి మూడో ప్రతిలో నీటిమట్టం పుస్తకం వచ్చింది. కళ్ళెదుట నీరు పెరుగుతున్నా, పుస్తకంలో అంకె మారనిదే తలుపు ముట్టుకునే అధికారం లస్కరుకు లేదు. సాయంత్రం ఆరింటి కొలతను మధ్యాహ్నమే అంచనాగా వేసి బండి అందుకోవడం మా సూపర్‌వైజర్లందరి అలవాటు. గట్టు తెగిన రోజు నాలుగడుగుల రెండంగుళాలని వేశాను. నీరు ఆరడుగులు దాటిందని మర్నాడు గట్టు రాళ్ళమీది తడి చార చెప్పింది.

మూడో ప్రతిలో ఆ అంకె వేసింది "ఒక అధికారి". నాలుగో ప్రతిలో "నేను". కథ ఏడు పేజీలకు దిగింది.

అచ్చుకు పంపేముందు లస్కరుకు చదివి వినిపించాను. అతను రేపల్లె స్టేషను బయట సోడాలు అమ్ముతున్నాడు. చివరిదాకా విన్నాడు.

"బానే దిద్దారండి బాబుగారూ. మరి ఆఫీసు కాయితం ఎప్పుడు దిద్దుతారండి?"

ఆ సోమవారమే అంకె తప్పు నాదని ఆఫీసులో రాసి ఇచ్చాను. ఐదో ప్రతి అదే, అర పేజీ.

పోయినవి: కథలో పన్నెండు పేజీలు, నావి రెండేళ్ళ సాయంత్రాలు, మూడు ఇంక్రిమెంట్లు, పదిహేడెకరాల నారు. లస్కరు ఉద్యోగం తిరిగి రాలేదు. అప్పటికి అతనికి ఉద్యోగపు వయసు దాటిపోయిందన్నారు.