చేనుకి అడ్డంపడి

ఒక టీవీ సినిమాలో మా బావకు ఒక డైలాగు దక్కింది. మొత్తం నాలుగు మాటలు: "పటాలం, చేనుకి అడ్డంపడి పదండి." ఈ సంగతి ఆయన కంకిపాడులో నలభై మందికి చెప్పాడు. నలభై దాకా నేనే లెక్కపెట్టాను, తర్వాత మానేశాను. మా అక్క చెప్పుకున్నవాళ్లు ఈ లెక్కలోకి రారు.

నేను ఇందులోకి గుడ్డ వల్ల వచ్చాను. విజయవాడ వన్‌టౌన్‌లో బట్టల కొట్లో పనిచేస్తాను. చదువు పదో తరగతితో ఆగిపోయింది గానీ, లెక్క మాత్రం తానుల మధ్య దానంతటదే పట్టుబడింది. ఆ సినిమా మేనేజరు ముప్పై మంది సైనికులకు ఖాకీ గుడ్డ కోసం వచ్చాడు. తొంభై అయిదు మీటర్లు కావాలని వాళ్ల టైలరు చెప్పాడట. చొక్కాకి మీటరు అరవై, ప్యాంటుకి మీటరు ఇరవై, ముక్కల్ని ఎదురూ బొదురూ పరిచి కోస్తే ఎనభై నాలుగు చాలన్నాను. కోశాక జానెడు ముక్క మిగిలింది.

దాంతో మేనేజరు నన్ను షూటింగుకి కూడా రమ్మన్నాడు. "పోయిన సినిమాలో ఇరవై ఏడు మంది యుద్ధానికెళ్లి, ముప్పై ఒక్కమంది తిరిగొచ్చారండీ. మీరొచ్చి మనుషుల్ని లెక్కపెట్టాలి" అన్నాడు. హవల్దారు వేషానికి గొంతున్న మనిషి కావాలంటే మా బావ పేరు చెప్పాను. కంకిపాడులో రైతు, కాలవ ఇవతల నుంచి అరిచి అవతల మోటారు ఆపించగల మనిషి.

కథ పాత యుద్ధకాలం నాటిది. సముద్రం మీంచి శత్రువు దిగుతాడని ఒక పటాలాన్ని డెల్టాలో కాపలా పెడతారు. శత్రువు రాడు. రాని శత్రువు కోసం వీళ్లు పడే హడావిడే సినిమా అంతా. షూటింగు అవనిగడ్డ వైపు. మిగతా సైనికులందరూ ఆ చుట్టుపక్కల పొలం పనులు చేసుకునేవాళ్లే.

మొదటి టేకు. మా బావ బూట్లతో గట్టు మీద నిలబడి, ఛాతీ విరిచి, "పటాలం, గట్టెమ్మట పదండి" అన్నాడు. పటాలం బుద్ధిగా గట్టెమ్మట పోయింది.

దర్శకుడు గుణదల కుర్రాడు, ఓపికమంతుడు. "బాబాయిగారూ, చేనుకి అడ్డంపడి అనాలండీ" అన్నాడు.

"అదే అన్నాగా."

రెండో టేకులోనూ గట్టెమ్మటే. మూడో టేకులో "చేనుకి" దాకా వచ్చి, చేను వంక చూసి, "ఎడంగా పదండి" అన్నాడు. నాలుగో టేకులో నోరు తెరిచాడు గానీ మాట రాలేదు.

"ఎండ పోతోందండీ. ఇంకొక్కసారే. అప్పటికీ కాకపోతే వంటవాడి వేషం వేసినాయన చేత చెప్పిస్తాను" అన్నాడు దర్శకుడు.

మా బావ నన్ను పక్కకు లాగాడు. "నోరు రావట్లేదురా. పొట్ట మీదున్న చేను, రేపో మాపో కంకి బయటికొస్తది. తొక్కమని ఎట్టా అంటాను?"

"చేనుగలాయన ఒప్పుకున్నాడుగా బావా."

"ఆయన ఒప్పుకున్నాడు. నా నోరు ఒప్పుకోవద్దూ?" దర్శకుడి వంక చూసి, "ఊళ్లో తలెత్తుకోలేనురా. మీ అక్కయితే ఇక అన్నం కూడా పెట్టదు" అన్నాడు.

అప్పుడు నేనొక అబద్ధం ఆడాను. కంకిపాడులో మా బావ పొలానికి ఆనుకుని ఒక పెద్దాయన పొలం ఉంది. ఏటా నాట్ల ముందు గట్టు చెక్కేటప్పుడు ఆయన పార ఇటువైపు కాస్త ఎక్కువ దిగుతుందని, గట్టు సన్నబడిపోతోందని మా బావ ఫిర్యాదు. పదకొండేళ్లుగా భోజనానికి కూర్చున్నప్పుడల్లా వింటున్నాను.

"ఈ చేను ఎవరిదనుకున్నావు బావా? మీ గట్టు చెక్కే ఆయన లేడూ, ఆయన వియ్యంకుడిది."

మా బావ నా మొహంలోకి చూశాడు. నా నోట ఎన్నడూ తప్పు లెక్క రాలేదు కాబట్టి నమ్మాడు.

అయిదో టేకులో "పటాలం" అనగానే అవతలి మడిలో కొంగలు లేచిపోయాయి. నాలుగు మాటలూ వరసగా, ఒక్కటి కూడా తప్పకుండా వచ్చాయి. అంతటితో ఆగక తనే బూట్లతో చేలోకి దూకాడు. మిగతా ఇరవై తొమ్మిది మంది ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. వంగి బూట్లు విప్పి, మెళ్లో వేసుకుని, ప్యాంట్లు పైకి మడిచి, ఒకరి వెనక ఒకరు గట్టెమ్మట నడిచారు. నేను లెక్క రాసుకున్నాను: గట్టు మీద ఇరవై తొమ్మిది, చేలో ఒకటి. దర్శకుడు కట్ చెప్పలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం సినిమా టీవీలో వచ్చింది. మా బావ ఇంట్లో చాపలు చాలలేదు. గట్టు పెద్దాయన కూడా వచ్చాడు, ఆ నలభై మందిలో ఆయనా ఒకడు కాబట్టి. డైలాగు వచ్చింది. మా అక్క నలుగురి వంకా చూసింది. పటాలం బూట్లు విప్పేసరికి అందరూ పడీపడీ నవ్వారు, పెద్దాయన అందరికంటే ఎక్కువ.

"ఏమోయ్, చేనంటే అంత పగేంటోయ్ నీకు?"

"మీ వియ్యంకుడి చేనేగా బాబాయ్" అన్నాడు మా బావ, నవ్వుతూనే.

"మా వియ్యంకుడికి చేనెక్కడిదోయ్? ఆయనవన్నీ రొయ్యల చెరువులు. అయినా ఆయనదైతే మాత్రం తొక్కుతావా?"

మా బావ నవ్వు ఆగింది. ముందు నా వంక, తర్వాత ఆయన వంక చూశాడు. "పదకొండేళ్ల నుంచీ నా గట్టు చెక్కట్లా నువ్వు?"

"నేనా? చెక్కేది నువ్వు!"

మా అక్క వంటింటి గుమ్మంలోంచి, "ఒరేయ్, నీ టేపు జేబులోనే ఉందిగా" అంది.

ఉంది. ముగ్గురం పొలానికి వెళ్లాం. గట్టు మధ్యలో సరిహద్దు రాయి. దానికి చెరో వైపు పద్దెనిమిది అంగుళాలు ఉండాలన్నది ఊరందరికీ తెలిసిన లెక్క. మా బావ వైపు కొలిచాను: ఏడున్నర. పెద్దాయన వైపు కొలిచాను: ఏడున్నర. నమ్మకం కుదరక మూడుసార్లు కొలిచాను. ఎవరి వైపు నుంచి వాళ్లు, ఇద్దరూ సరిగ్గా పదిన్నర అంగుళాలు చెక్కారు.

మా బావ టేపు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కొలత తప్పిందేమోరా" అన్నాడు మా బావ.

"తప్పదా మరి. గుడ్డలు కొలిచే టేపుతో మట్టి కొలిస్తే ఇట్టాగే ఉంటది" అన్నాడు పెద్దాయన.

పదకొండేళ్లలో వాళ్లిద్దరూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదలు, అదీ నా కొలత తప్పని. ఇంటికి బయలుదేరాం. ఆ గట్టు మీద ఇద్దరు పక్కపక్కన నడవడానికి చోటు లేదు. ముందు మా బావ, వెనక పెద్దాయన, ఆ వెనక నేను. ముగ్గురం.

ముందునుంచి మా బావ వెనక్కి తిరగకుండానే అన్నాడు, కొంగలు లేచేంత గొంతుతో: "పటాలం, గట్టెమ్మట పదండి."