రేడియేటరు వైపు ఆరు చుక్కలు

1981 వేసవిలో, నర్సీపట్నంలో చింతపల్లి రోడ్డు పక్కనున్న నా షెడ్డులో, పన్నెండేళ్లుగా రోడ్డు మీద ఎవరూ చూడని ఒక పికప్పుకు హ్యాండిల్ వేసి తిప్పాను. అది తిరగకూడదు. అంతకాలం నిలిచిపోయిన ఇంజనులో పిస్టన్లు తుప్పుపట్టి సిలిండర్లకు అతుక్కుపోతాయి. కిరోసిన్ పోసి నానబెట్టి, చెక్కదిమ్మ పెట్టి కొడితే గాని ఊడిరావు. ఇది మాత్రం బావి గిలకలా మెత్తగా తిరిగింది.

కింద దూరి ఛాంబరు బోల్టు విప్పాను. ఛాంబరంటే ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టి. నల్లటి మడ్డి రావాల్సిన చోట పలచని, శుభ్రమైన నూనె కారింది. వేలికి రాసుకుని వాసన చూశాను. కానుగ నూనె, పల్లెల్లో దీపాలకు పోసేది.

బండి తెచ్చిన చింతపండు వ్యాపారి అప్పలనాయుడు గారు సంబరపడ్డారు. "బాగుందన్నమాట! బేగి బిగించీ మేస్త్రీ, వానలొస్తే నా సింతపండు గంగపాలే."

"బాగుండటమే బాగులేదండీ" అన్నాను.

అప్పట్లో నాకు పగలు షెడ్డు, సాయంత్రం ఒక దినపత్రికకు ఊరి వార్తలు రాయడం. చూసింది వేరు, విన్నది వేరు, రెండూ కలపొద్దని పత్రిక వాళ్లు నేర్పారు. ఇదీ అలాగే చెబుతాను.

అది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మిలటరీ వాళ్లు వేలం వేసిన ఆరు సిలిండర్ల పెట్రోలు పికప్పు. డిస్పోజల్ బండి అనేవాళ్లం. మా వైపు అలాంటివి చాలా తిరిగేవి, అన్నీ ఒకే అచ్చు. దీన్ని ఏజెన్సీలో పాడుబడిన ఒక కాఫీ గోడౌను గోడల మధ్య చూసి, నాయుడు గారు లారీ మీద వేయించుకుని తెచ్చారు. నంబరు ప్లేటు లేదు. ఇంజను నంబరు ఉండాల్సిన చోట తుప్పు పెచ్చులూడి అంకెలు చెరిగిపోయాయి.

లారీకి కొండ మీద దారి చూపించిన బాలన్న అనే కొండరైతు, సంతలో ఉప్పు కొనుక్కోవాలని తనూ అదే లారీలో కిందికి వచ్చాడు. అతన్ని అడిగాను. "ఇందులో నూనె ఎవరు పోశారు?"

"మాకు తెల్దు బాబూ. మేం అటు పోం."

"ఏం?"

"అది ఒకడిది. మనది కానిది ముట్టం. వానలు తగ్గినాక సప్పుడొస్తాది. ఇనుము తిరిగే సప్పుడు. కాసేపు తిరిగి ఆగిపోద్ది. పోయినేడూ ఇన్నాం."

"వెళ్లి చూడలేదా?"

"కనబడాలనుకున్నోడు పిలుస్తాడు గదా బాబూ."

నాయుడు గారు పకపకా నవ్వారు. "ఓరి బాలన్నా, దెయ్యానికి లైసెన్సు ఎవడిచ్చాడ్రా?"

ఈ కబురు ఊళ్లో పాకింది. మర్నాడు సుగుణమ్మ గారు వచ్చారు. ఆవిడ మిషను స్కూల్లో టీచరు. భర్త దేవదానం మిషను దవాఖానా పికప్పు డ్రైవరు. మరమ్మతులూ ఆయనే చేసుకునేవాడు, నాకంటే పెద్దవాడు, నాకు బాగా తెలిసినవాడు. 1969లో మందుల పెట్టెలేసుకుని కొండమీదికి వెళ్లాడు. మనిషీ రాలేదు, బండీ రాలేదు. లోయలో పడ్డాడని కొందరు, ఎవరితోనో పోయాడని కొందరు అన్నారు. ఇన్నాళ్లకు చర్చి సంఘం పెద్దలు సమాధుల తోటలో ఆయన పేరున రాయి వేయించి, జ్ఞాపకార్థ కూడిక పెడదామన్నారు.

"ఆదివారం పాస్టరయ్యగారు నా మాట అడుగుతారు తమ్ముడూ" అన్నారావిడ. "సచ్చినోడికి రాయి ఎయ్యొచ్చు. బతికున్నోడికి ఎయ్యమని నా నోటితో ఎలా సెప్పను? ఇది ఆయన బండో కాదో సూడు."

"ఇంజను అన్నీ చెప్పదక్కా."

"ఎంత సెప్తే అంతే సెప్పు."

కొండమీదికి వెళ్లేముందు బండి గురించి ఆయన ఏమైనా అన్నాడా అని అడిగాను.

"మూడో బేరింగు కొట్టుకుంటందన్నాడు. అయితే ఎల్లటం మానీ అన్నాను. మందుల కోసం సూస్తంటారు, వచ్చి విప్పుతాలే అన్నాడు."

పిస్టను కడ్డీ క్రాంకు షాఫ్టును పట్టుకునే చోట మెత్తటి వైట్ మెటల్ పూత ఉంటుంది. అదే బేరింగు. అది అరిగితే లోపల సుత్తి దెబ్బలు వినబడతాయి. ఛాంబరు దించి, రేడియేటరు వైపు నుంచి లెక్కపెట్టి మూడోది విప్పాను. పాతది, సమంగా అరిగింది, ఏనాడూ కొట్టుకున్న జాడ లేదు.

"ఇది కాదక్కా" అన్నాను.

ఆవిడ స్టూలు మీంచి లేచి చీర దులుపుకున్నారు. "అయితే రాయి ఎయ్యమంటాను."

అప్పుడు కనబడ్డాయి ఉలి చుక్కలు. బేరింగును కింద నుంచి పట్టి ఉంచే కప్పును విప్పితే, మళ్లీ దాని చోటే బిగించడానికి మేం ఉలితో వరస చుక్కలు కొడతాం. రేడియేటరు పక్కనున్న మొదటి కప్పుకు ఒకటే చుక్క ఉండాలి. దీనికి ఆరున్నాయి. దేవదానం పని నేర్చింది యలమంచిలిలో ఒక రైస్ మిల్లు ఇంజను దగ్గర. అక్కడి మేస్త్రి పెద్ద చక్రం వైపు నుంచి లెక్కపెట్టేవాడట, బండి ఇంజనుకు ఆ చక్రం వెనక కొసన ఉన్నా ఈయనకూ అదే అలవాటు. "దేవదానం బండికి తోకే తలకాయ" అని షెడ్లలో అందరం ఏడిపించేవాళ్లం.

"కూర్చో అక్కా" అన్నాను. ఆయన మూడోది నాకు నాలుగోది.

అది కొత్త బేరింగు. వైట్ మెటల్ కరిగించి పోసి, స్క్రేపరుతో చేత్తో గీసి సరిచేసింది. గీతలింకా తాజాగా ఉన్నాయి, అంటే తర్వాత ఆ ఇంజను నడిచింది లేదు. ఇది దారిపక్క అయ్యే పని కాదు. కొలిమి కావాలి, కొన్ని రోజుల ఓపిక కావాలి.

నాకు తెలిసింది ఆవిడకు విడివిడిగా చెప్పాను. బండి ఆయనదే. కొండెక్కాక ఎవరో తీరిగ్గా దాన్ని బాగుచేశారు. ఆ తర్వాత కూడా ఎవరో నూనె మారుస్తూ, పట్టెయ్యకుండా తిప్పుతూ వచ్చారు. ఆ చెయ్యి ఆయనదేనని మాత్రం ప్రమాణం చెయ్యలేను.

సుగుణమ్మ గారు ఆ బేరింగు గీతల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ తడిమి చూశారు.

"బాగైన బండెక్కి ఇంటికెందుకు రాలేదు తమ్ముడూ?"

ఆదివారం ఆవిడ రాయి వద్దన్నారు.

రింగులు మార్చి, వాల్వులు నూరి, కార్బురేటరు కడిగి బిగించాను. స్టార్టు చేసిన రోజు ఆవిడ మడ్‌గార్డు మీద చెయ్యేసి విన్నారు. "ఇదే సప్పుడు" అన్నారు. అప్పటిదాకా దెయ్యాల మీద జోకులేసిన నాయుడు గారు బండి పక్కకు రాలేదు. "బండి సంగతి దవాఖానా వాళ్లతో నేను మాట్లాడుకుంటాను, ముందు ఆయమ్మని ఓపాలి కొండకి తీస్కెల్లు మేస్త్రీ" అన్నారు.

బాలన్న చెప్పిన చప్పుడొచ్చే వేళ చూసుకుని, వానలు తగ్గాక ఆ పికప్పులోనే వెళ్లాం. బండి తెచ్చేసి వానాకాలమంతా గడిచినా, గోడౌను నేల మీద అది నిలిచిన చోటంతా శుభ్రంగా ఊడ్చి ఉంది, చుట్టూ మాత్రం మోకాలెత్తు గడ్డి. బాలన్న మమ్మల్ని చుట్టుపక్కల ఊళ్లకు తిప్పాడు. ప్రతిచోటా మంచినీళ్లిచ్చారు, కూర్చోమన్నారు, సుగుణమ్మ గారు అడిగిందంతా విన్నారు.

పని చూసి పనివాణ్ణి గుర్తుపట్టొచ్చని ఆ బండి నాకు నేర్పింది. అంతవరకే. ఆవిడ ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు, వానలు వెలిసాక, ఒక్కరే ఆ ఊళ్లకు వెళ్లొచ్చేవారు. ఆయన్ని చూశామని అక్కడ ఎవరూ చెప్పలేదు. చూడలేదని కూడా ఎవరూ చెప్పలేదు.